ముప్పై తొమ్మిదో రాయి

ఉప్పరేవులోని ఐక్య క్రైస్తవ సమాజ కేంద్రానికి ఎన్ని మూలలున్నాయని అడిగితే ఊళ్ళో ఎవరూ వెంటనే జవాబు చెప్పరు. "ఇవాళ్టి లెక్కా, రేపటి లెక్కా?" అని అడుగుతారు. వేళాకోళం చేస్తున్నారనుకుంటే పొరపాటు. పుట్టిన నాటినుంచీ ఆ కట్టడానికి మూలలు పెరుగుతూనే ఉన్నాయి. ఆ పెరుగుదలనంతా వంటగది గుమ్మంలో నిలబడి చూసిన మనిషి దీవెనమ్మ ఒక్కతే. స్వర్ణోత్సవానికి కేంద్రం చరిత్ర రాయించాలని కమిటీ తీర్మానించినప్పుడు ఆమెను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె రోజూ అక్కడే ఉంటుంది గనక, ఆమెకు చరిత్ర ఉంటుందని ఎవరికీ తోచలేదు.

అసలు సంగతి యాభైయేళ్ళ కిందటిది. తుఫానొచ్చి సముద్రం ఊళ్ళోకి వచ్చేసింది. నీళ్ళు తీశాక మిగిలినవి గుళ్ళ గోడలూ, జనం ఆకలీ. దీవెనమ్మకి అప్పుడు ఇరవై రెండేళ్ళు. పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే గుండిగ ఒకటి కొట్టుకొచ్చి తాడిచెట్టుకు ఆనుకుని ఆగిపోతే, దాన్ని దొర్లించుకుంటూ మిట్ట మీదికి తెచ్చింది. మూడు రాళ్ళు వెతికి పొయ్యి పెట్టింది. పైన టార్పాలిన్ కట్టింది. లారీల మీద వచ్చిన నూకలు పోసి గంజన్నం కాచి, వచ్చినవాళ్ళకి వచ్చినట్టు పోసింది.

ఊళ్ళో అప్పటికి నాలుగు గుళ్ళుండేవి. వాటికి పొడుగాటి ఇంగ్లీషు పేర్లున్నాయి గానీ అవి బోర్డులకే పరిమితం. జనం నోట్లో మాత్రం గంట కొట్టేది గంట గుడి, నీళ్ళలో ముంచి బాప్తిస్మమిచ్చేది తొట్టి గుడి, కొవ్వొత్తులు వెలిగించేది కొవ్వొత్తుల గుడి, పాటకి తాళం చరిచేది చప్పట్ల గుడి. ఒక గుడివాళ్ళు ఇంకో గుడివాళ్ళ పెళ్ళికి వెళ్తే భోజనం చేస్తారు గానీ ప్రార్థనప్పుడు చెప్పులేసుకుని బయటే నిలబడతారు. అలాంటిది ఆ టార్పాలిన్ కింద నాలుగు గుళ్ళ జనమూ ఒకే వరసలో కూర్చుని గంజి తాగారు. ఆ వరసను చూసి నలుగురు పాస్టర్లకీ కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఈ వరసకి ఒక కప్పు వేద్దాం" అన్నారు. ఆ రోజు వాళ్ళ మంచితనంలో కల్తీ లేదని దీవెనమ్మ ఇప్పటికీ ఒప్పుకుంటుంది.

కప్పు వెయ్యాలంటే గోడలు కావాలి. గోడలంటే మూలలు, మూలలంటే మూలరాళ్ళు. మూలరాయి వేసే గౌరవం ఎవరిదన్న ప్రశ్న రాగానే టార్పాలిన్ కింద అంతా చల్లబడ్డారు. తాలూకా కచేరీలో రికార్డుల సెక్షనులో కొత్తగా చేరిన కృపానందం అనే కుర్రాడు లేచి, "అయ్యలారా, గుళ్ళు నాలుగు. మూలలు నాలుగు" అన్నాడు. అంతా హల్లెలూయా అన్నారు. అక్కడికక్కడే నియమావళిలో ఏడో నిబంధన పుట్టింది: ప్రతి సంఘమునకు ఒక మూల, ప్రతి మూలకు ఒక రాయి. కృపానందాన్ని కార్యదర్శిని చేశారు. ఆయన ఆ కుర్చీలోంచి మళ్ళీ లేవలేదు.

శంకుస్థాపన రోజు ఉదయం తెల్లబట్టల గుడివాళ్ళు తెల్లగా నడుచుకుంటూ వచ్చి, మేమూ కలుస్తామన్నారు.

"ఐక్యత కోసమని పెట్టిన కేంద్రంలో ఒకరిని వద్దనడం భావ్యం కాదు. వారికి మూల లేకపోవడమూ భావ్యం కాదు. కావున మేస్త్రిగారు తగు చర్య తీసుకోవలసినది" అన్నాడు కృపానందం.

మేస్త్రి వీరాస్వామి ముగ్గుడబ్బా చేత్తో పట్టుకుని నోరు తెరిచాడు. "తగు చర్యేందండీ? ఇల్లన్నాక నాలుగు మూలలుంటాయి. ఐదో మూల ఏడ నుంచి తెచ్చేది?"

"గోడ వంచి తేవలసినది."

వీరాస్వామి వంచాడు. దీవెనమ్మ పొయ్యిని ఒక్కపూట కూడా ఆర్పడానికి వీల్లేదు గనక, పొయ్యి చుట్టూనే ఐదు మూలల కట్టడం లేచింది. మధ్యలో వంటగది, చుట్టూ హాలు. ఐదు మూలల్లో ఐదు నల్లరాళ్ళు, ఒక్కోదాని మీద బంగారు అక్షరాలతో ఒక్కో సంఘం పేరు, అదీ జనం పిలిచే పేరే. వంటగది ఎవరి మూలా కాదు గనక దానికి రాయి వెయ్యలేదు.

తుఫాను బాధ తీరాక కూడా గంజి ఆగలేదు. పిల్లలు పట్నాలకు పోయిన ముసలివాళ్ళూ, చూసే దిక్కులేనివాళ్ళూ మధ్యాహ్నమయ్యేసరికి పళ్ళేలతో వచ్చేవాళ్ళు. వాళ్ళ సంఖ్య అటూ ఇటూగా నలభై. అన్ని గుళ్ళ ఆడవాళ్ళూ ఇంట్లో అన్నం వండేటప్పుడు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టి, శనివారం తెచ్చి దీవెనమ్మ గోనెసంచిలో పోసి పోయేవాళ్ళు. సంచిలో పడ్డాక ఎవరి గింజ ఏదో ఎవరికీ తెలియదు. ఒకసారి కృపానందంగారు సంఘానికొక సంచి పెట్టించి, ప్రతి సంచిలోంచి సమానంగా తియ్యమన్నాడు. దీవెనమ్మ సరేనని ఆయన వెళ్ళగానే అన్నీ కలిపేసింది. ఆ రోజు గంజి చాలా బాగుందని ఆయనే మెచ్చుకున్నాడు.

ఇంతలో గంట గుడిలో గంట ఐదు నిమిషాలు ముందు కొట్టాలా వద్దా అని తగువొచ్చి, ముందు కొట్టేవాళ్ళు వేరు పడ్డారు. సంఘం వేరైంది గనక మూల కావాలన్నారు. వీరాస్వామి రెండు గోడలు కూల్చి ఆరో మూల కట్టాడు. దాంతో ఊళ్ళో ఒక సంగతి అందరికీ తెలిసిపోయింది: విడిపోతే మూల దొరుకుతుంది. మూల దొరికితే రాయి, రాయికి పేరు, పేరుకి కమిటీలో కుర్చీ. అంతకుముందు తగువొస్తే ఏదోలా సర్దుకునేవాళ్ళు. ఇప్పుడు సర్దుకోవడమంటే ఒక మూలను చేజేతులా వదులుకోవడమే. ఐక్యత కోసం కట్టిన కేంద్రం ధర్మమా అని నలభై ఐదేళ్ళు తిరిగేసరికి ఊళ్ళో సంఘాలు పంతొమ్మిదయ్యాయి. వీరాస్వామి ఆ ఒక్క కట్టడం మీదే ముగ్గురు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేశాడు.

మూలలతో పాటు కొలతలూ వచ్చాయి. తొట్టి గుడి మూల చప్పట్ల గుడి మూలకంటే ఇరుకుగా ఉందని ఫిర్యాదు రావడంతో కోణ సమానత్వ ఉపసంఘం వేశారు. కృపానందంగారు మనవరాలి జామెట్రీ బాక్సులోంచి కోణమానిని తెచ్చి, మూలమూలకీ మోకాళ్ళ మీద పాకుతూ కొలిచి, "చప్పట్ల గుడివారు ఒక డిగ్రీ అదనముగా అనుభవించుచున్నారు" అని ప్రకటించాడు. గోడ మళ్ళీ కూల్చారు. ఆ సిమెంటు దుమ్మంతా గంజిలో పడకుండా దీవెనమ్మ గుండిగ మీద తన పాత చీర కప్పి వండింది.

కొన్నాళ్ళకి ఊరికి కొత్తగా వచ్చిన పోస్టుమాస్టరు కేంద్రాన్ని చూసి, "ఈ గుండ్రటి బిల్డింగు భలేగా ఉందే!" అన్నాడు. మంచిమాటే అనుకున్నాడు పాపం. పంతొమ్మిది మూలలున్న కట్టడాన్ని కాస్త దూరం నుంచి చూస్తే గుండ్రంగానే కనబడుతుంది. కానీ గుండ్రమంటే మూల లేనట్టు, మూల లేకపోతే మూలరాయి లేనట్టు, రాయి లేకపోతే సంఘం లేనట్టు. ఊరంతా అట్టుడికింది. అత్యవసర సమావేశం పెట్టారు. ప్రతి సంఘమూ ఆరంభ ప్రార్థన చెయ్యాలని నియమం కాబట్టి ఆరంభం మధ్యాహ్నం దాకా సాగింది. చివరికి తేలిందేమిటంటే, మూలలు మూలలుగా కనబడాలి. అంటే పొడుచుకు రావాలి. బయటికి పొడవడానికి తూర్పున రోడ్డూ పడమట కాలువా అడ్డం. కాబట్టి మూలకీ మూలకీ మధ్య గోడను లోపలికి నొక్కమన్నారు.

వీరాస్వామి పంతొమ్మిది గోడలూ లోపలికి నొక్కాడు. కట్టడం నక్షత్రంలాగా తయారైంది. అంతా చప్పట్లు కొట్టారు, చప్పట్లు పనికిరావనే గుళ్ళవాళ్ళు కూడా. అప్పుడు వీరాస్వామి తల గోక్కుంటూ, "అయ్యగారూ, ఒక మాట. బయటికి పంతొమ్మిదైతే లోపలికి కూడా పంతొమ్మిది మూలలు వచ్చినయ్యండీ" అన్నాడు.

అంతే. ఖాళీ మూలలు పంతొమ్మిదున్నాయన్న వార్త ఊరంతా పాకింది. ఇరవై రోజుల్లో పంతొమ్మిది కొత్త సంఘాలు దరఖాస్తు పెట్టుకున్నాయి. ముందు గంట కొట్టేవాళ్ళలోంచి అసలు గంటే వద్దనేవాళ్ళు విడిపోయారు. ఒక సంఘంలో సభ్యులు భార్యా, భర్తా, అత్తగారూ ముగ్గురే. పది రోజులకి అత్తగారు విడిగా దరఖాస్తు పెట్టుకుంది. అన్నీ ఆమోదం పొందాయి. స్వర్ణోత్సవానికి పాత రాళ్ళు పంతొమ్మిదీ తీసి కడిగి, కొత్తవి పంతొమ్మిదీ చెక్కించి, మొత్తం ముప్పై ఎనిమిదికీ బంగారు రంగు వేసి, ముఖ్య అతిథి సమక్షంలో ఒకేసారి స్థాపించాలని తీర్మానించారు. చిక్కల్లా ఒక్కటే. లోపలి మూలలు ముందుకొచ్చి ముందుకొచ్చి దీవెనమ్మ పొయ్యి దగ్గరికి చేరాయి. వంటగది ఉంటే వాటికి రాళ్ళు వెయ్యడానికి చోటు లేదు.

కమిటీలో ఏ విషయమైనా ముప్పై ఎనిమిదిమందిలో ఒకరన్నా అడ్డుపడతారు. వంటగది తరఫున అడ్డుపడే మనిషి లేడు. ఆ తీర్మానం నిమిషంలో ఆమోదమైంది. మర్నాడు కృపానందంగారు నోటీసు పట్టుకొచ్చి దీవెనమ్మ ముందు నిలబడి చదివాడు.

"యావన్మందికీ తెలియజేయడమేమనగా, కేంద్రము మధ్యభాగమున ఉన్నదని చెప్పబడుచున్న వంటగది, ఏ సంఘమునకూ చెందనందునను, మూల లేనందునను, నియమావళి ప్రకారము లేనిదిగా పరిగణింపబడినది. కావున సదరు లేని వంటగదిని పదిహేను దినములలోగా తొలగించవలెను."

దీవెనమ్మ తెడ్డు తిప్పడం ఆపింది. "లేనిదాన్ని ఎట్టా తీసేదండీ?"

"అది సాంకేతిక అంశం దీవెనమ్మా. ఉన్నదని ఒప్పుకుంటే దానికి మూల ఇవ్వాలి. మూల ఇవ్వాలంటే అది సంఘమై ఉండాలి."

"నలభై మంది ముసలోళ్ళు రోజూ తింటన్నారు గదా. అది కూడా లేనట్టేనా?"

"వారు తినడం వాస్తవమే. ఎక్కడ తింటున్నారన్నదే వివాదాస్పదం."

"మీ చరిత్ర పుస్తకంలోనన్నా రాశారా, తుఫానునాటి గంజి సంగతి?"

కృపానందంగారు నోటీసు మడతపెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ గంజి తాగినవాళ్ళలో ఆయనా ఒకడు. "రాద్దామనే అనుకున్నాను. సంఘానికొక పేజీ చొప్పున ముప్పై ఎనిమిది పేజీలు. నీ గంజిని ఏ సంఘం పేజీలో వేసినా మిగతా ముప్పై ఏడూ ఒప్పుకోవు. పోనీ నువ్వు ఏ సంఘమో చెప్పు, చూద్దాం."

ఏదని చెబుతుంది దీవెనమ్మ? పుట్టింది గంట గుడిలో, మెట్టింది తొట్టి గుడిలో. మొగుడు పోయిన రోజు ఆ పాస్టరు ఊళ్ళో లేకపోతే సమాధి చేసింది కొవ్వొత్తుల గుడి ఫాదరు. ఆదివారం కూడా ముసలివాళ్ళకి ఆకలేస్తుంది కాబట్టి ఆమె యాభైయేళ్ళుగా ఏ గుడికీ సరిగ్గా వెళ్ళలేదు. అయినా మూడు చోట్లకీ వెళ్ళి అడిగింది. మూడుచోట్లా కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, మిగతా రెండింటిలో ఒకదాని పేరు చెప్పి పంపించారు.

"అయితే నీ ముసలివాళ్ళనే ఒక సంఘంగా నమోదు చేయించు" అని కృపానందంగారు రహస్యంగా సలహా ఇచ్చాడు. దీవెనమ్మ గంజి పోస్తూ పోస్తూ ఆ మాట బయటపెట్టింది.

"నేనేడ సంఘమమ్మా? శుక్రవారం మసీదుకి పోవద్దా?" అన్నాడు మస్తాన్ సాయిబు.

"నాకు మంగళవారం ఆంజనేయసామి ఉంటాడక్కా" అన్నాడు వీరాస్వామి. భార్య పోయాక ఆయన కూడా అక్కడే తింటున్నాడు.

లాజరు తాత అప్పటికే నాలుగు సంఘాల్లోంచి పోట్లాడి బయటికొచ్చిన మనిషి. "పెట్టవే దీవెనా, తప్పకుండా చేరతా. మళ్ళీ నెలకల్లా అందులోంచి కూడా బయటికొచ్చేస్తా. నాకు అలవాటైపోయింది" అన్నాడు.

దీవెనమ్మ నవ్వింది. నవ్వుతూనే పొయ్యి వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. పొగ వల్ల కాదు. పొయ్యి తీసేసిన మర్నాటి నుంచి వీళ్ళు పళ్ళేలు పట్టుకుని ఎక్కడికి పోతారన్న భయం ఆమెకు నిజంగానే పట్టుకుంది.

ఉత్సవానికి ముందురోజు సాయంత్రం వీరాస్వామే గునపం పట్టుకుని రావలసి వచ్చింది. పొయ్యికి తాను కట్టిన ఇటుకలు ఒక్కొక్కటే ఊడదీశాడు. కిందనుంచి మసిపట్టిన మూడు రాళ్ళు బయటపడ్డాయి.

"అక్కా, ఇవి అవే గదూ?"

"అవే తమ్ముడూ."

వీరాస్వామి గునపం కింద పడేసి కూర్చుండిపోయాడు. కూలీలకు అవేమిటో తెలియదు. రెండు రాళ్ళు తీసుకుపోయి కొత్త మూలల గుంతలో పడేసి పైన కాంక్రీటు పోసేశారు. మూడోదాన్ని వీరాస్వామి కాలితో మెల్లగా బయటికి దొర్లించి నీళ్ళ డ్రమ్ము వెనక్కి తోసేశాడు.

ఉత్సవం రోజు కేంద్రం ముందు షామియానా వేశారు. కడిగి రంగులేసిన ముప్పై ఎనిమిది రాళ్ళనీ పక్కనే వరసగా పేర్చారు. ముఖ్య అతిథి రిటైరైన జిల్లా జడ్జిగారు, పట్నం నుంచి వచ్చారు. ఆయన ఏ సంఘానికీ చెందరని నిర్ధారణ చేసుకున్నాకే పిలిచారు. పది గంటలకి ఆరంభ ప్రార్థనలు మొదలయ్యాయి.

పన్నెండయ్యేసరికి పంతొమ్మిదో ప్రార్థన నడుస్తోంది. ముసలివాళ్ళు అలవాటు ప్రకారం పళ్ళేలతో వచ్చి షామియానా వెనక నిలబడ్డారు. లాజరు తాత పళ్ళేన్ని బోర్లించి గుండెలకానించుకుని నిలబడటం చూసి దీవెనమ్మకి ఒళ్ళు మండింది. గుండిగ ఉంది, బియ్యం ఉంది, కట్టెలున్నాయి. లేనివల్లా పొయ్యి రాళ్ళు. చుట్టూ చూసింది. చేతికందే దూరంలో నున్నగా, చదరంగా, ముప్పై ఎనిమిది రాళ్ళు తళతళలాడుతున్నాయి.

"తమ్ముడూ, ఒక చెయ్యి వెయ్యి."

"అక్కా! మూలరాళ్ళక్కా అవి!"

"రాళ్ళే గదా. గుండిగని మొయ్యలేకపోతే ఆ బిల్డింగునేం మోస్తాయి? పట్టు."

కదలకుండా నిలిచేవి మూడు చూసుకుని పెట్టారు. చిట్లకుండా వీరాస్వామి లోపలివైపు బురద మెత్తాడు. ఇరవై ఆరో ప్రార్థన వేళకి గంజి ఉడుకుతోంది. ఇరవై తొమ్మిదో ప్రార్థన వేళకి ఆ వాసన వేదిక మీదికెక్కింది. జడ్జిగారు షుగరు మనిషి, వేళకి తినక తప్పదు. అందరూ కళ్ళు మూసుకుని ఉండగా ఆయన మెల్లగా వేదిక దిగి, వాసన పట్టుకుని వెనక్కొచ్చి, మస్తాన్ సాయిబు పక్కన వరసలో కూర్చున్నారు. దీవెనమ్మ ఆయనకూ పోసింది. పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ రెండు పళ్ళేలు తాగారు.

ఆయన కనబడటం లేదని వెతుక్కుంటూ వచ్చిన కృపానందంగారు పొయ్యి చూసి కొయ్యబారిపోయాడు. వేలు చూపించాడు. ఆ వేలు వెంట చూసిన జడ్జిగారు వంగి, మసి కింద మెరుస్తున్న అక్షరాలను పైకి చదివారు. "తొట్టి గుడి... తెల్లబట్టల గుడి... ఇదేమిటి, అత్తగారి గుడా? ఆహా! కార్యదర్శిగారూ, యాభైయేళ్ళుగా ఈ పేదలకు అన్నం పెడుతున్నది ఈ మూడు సంఘాలేనన్నమాట!"

ఆయన అక్కడితో ఆగలేదు. వేదికెక్కి మైకు అందుకుని అదే మాట చెప్పారు. "రాయి వేసి ఊరుకున్నవాళ్ళను చాలామందిని చూశాను. తమ రాయి మీద నలుగురికి అన్నం వండించిన సంఘాలను ఇప్పుడే చూస్తున్నాను. ఈ మూడింటికీ నా నమస్కారం."

తొట్టి గుడి పాస్టరుగారు కోపంతో లేవబోయినవారు, జనం చప్పట్లు విని నమ్రతగా తలవంచారు. అత్తగారు తన సంఘం తరఫున తనొక్కతే లేచి నిలబడి నాలుగు వైపులా దణ్ణం పెట్టింది. మిగతా ముప్పై ఐదు సంఘాల ముఖాలూ మాడిపోయాయి.

"మా రాయి ఎందుకు పెట్టలేదు?" అని ముందుగా అరిచింది చప్పట్ల గుడి.

"వ్యవస్థాపక సంఘం మాది! గుండిగ మా రాయి మీద ఉండాల్సింది!" అంది గంట గుడి.

"ఏడో నిబంధన ఏమైంది? సమానత్వమెక్కడ?" అంది గంట వద్దనే గుడి. జీవితంలో మొదటిసారి ఆ రెండు గుళ్ళూ ఒక మాట మీద నిలబడ్డాయి.

మిగిలిన ప్రార్థనలు వాయిదా పడ్డాయి. అక్కడికక్కడే అత్యవసర తీర్మానం జరిగింది. ఏ సంఘము యొక్క రాయీ గుండిగ క్రింద ఉండు గౌరవమునకు నోచుకొనకుండ ఉండరాదు. కావున రోజుకు మూడు సంఘముల రాళ్ళు వంతులవారీగా పొయ్యిలో పెట్టబడును. వంతు వచ్చిన సంఘము ఆ రోజు బియ్యము, పప్పు, కట్టెలు తెచ్చుకొనవలెను. పొయ్యి ఏ కారణము చేతనైనను ఆరిన, ఆ రోజు వంతు సంఘములకు తీరని అన్యాయము జరిగినట్లు భావింపబడును. రాళ్ళు మూలల్లోకి తిరిగి వెళ్ళాలన్న మాట ఆ సందట్లో ఎవరికీ గుర్తు రాలేదు.

పొయ్యికి పందిరి వెయ్యడానికి వీరాస్వామి నాలుగు గుంజలు తెచ్చాడు. దీవెనమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "నాలుగొద్దు. మళ్ళీ మూలలొస్తాయి." మధ్యలో ఒకే గుంజ నాటించి, చుట్టూ గొడుగులాగా తాటాకు కప్పించింది.

పన్నెండు రోజులు వంతులు జోరుగా నడిచాయి. గంజిలోకి పప్పొచ్చింది, పప్పులోకి నెయ్యొచ్చింది. తెల్లబట్టల గుడివాళ్ళు వడియాలు పెట్టారని తెలిసి కొవ్వొత్తుల గుడివాళ్ళు అప్పడాలు దించారు. లాజరు తాతకి బుగ్గలొచ్చాయి. పదమూడో రోజు కృపానందంగారు రిజిస్టరు చంకన పెట్టుకుని పాలిపోయిన ముఖంతో పందిరి కిందికొచ్చాడు.

"దీవెనమ్మా, ఘోరమైన పొరపాటు జరిగింది. ముప్పై ఎనిమిదిని మూడుతో భాగిస్తే రెండు మిగిలాయి. ఈ రోజు వంతుకి రెండే రాళ్ళు."

"రెండిటి మీద గుండిగ నిలవదు గదండీ."

"నిలవదు. మొదటి వంతులో వచ్చిన రాయిని మళ్ళీ తెచ్చి పెడితే దానికి అదనపు గౌరవం దక్కినట్టవుతుంది. ఉపసంఘం వేశాను. అది తేల్చేదాకా ఈ రోజు..."

"ముసలోళ్ళు ఉపసంఘాన్ని తింటారా?" అంటూ దీవెనమ్మ లేచి నీళ్ళ డ్రమ్ము వెనక్కి వెళ్ళింది. మసిపట్టిన రాయిని రెండు చేతులా ఎత్తి తెచ్చి, ఖాళీగా ఉన్న చోట పెట్టి, కాలితో తన్ని కుదురు చూసుకుంది. అది ఎప్పటిలాగే కుదురుగా కూర్చుంది.

కృపానందంగారు కళ్ళజోడు సవరించుకుని రాయి చుట్టూ తిరిగి చూశాడు. ఎక్కడా అక్షరం లేదు. "ఇది ఏ సంఘానిది?"

"ఏ సంఘానిదీ కాదు."

"ఏ మూలది?"

"ఏ మూలదీ కాదు. మీ మూలలన్నిటికన్నా ముందునుంచీ ఇక్కడే ఉంది. మీరు దీని మీద వండిన గంజి తాగే ఆ ఏడో నిబంధన చెప్పారు. మర్చిపోయారా?"

ఆయన మర్చిపోలేదు. చంకన ఉన్న రిజిస్టరు అడుగునుంచి చరిత్ర పుస్తకం తీసి, ముప్పై ఎనిమిది పేజీల తర్వాత అట్టకి ముందున్న ఖాళీ కాగితం తెరిచి, కలం పట్టుకున్నాడు. "రికార్డు చెయ్యకపోతే ఇది కూడా లేనట్టే అవుతుంది. ఏమని రాయమంటావు?"

దీవెనమ్మ గుండిగ ఎక్కిస్తూ, తల తిప్పకుండా, "నల్లగా ఉందని రాయండి" అంది.

కృపానందంగారు రాశాడు: "ముప్పై తొమ్మిదవ రాయి. సంఘము లేదు, మూల లేదు, పేరు లేదు. నల్లగా ఉన్నది." కమిటీలో చదివి వినిపిస్తే ఆ ఒక్క పేజీకి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అది వినడానికి దీవెనమ్మ సమావేశానికి వెళ్ళలేదు. అప్పటికి వరసలో పళ్ళేలు సిద్ధమయ్యాయి, మొదటి తెడ్డు గంజి లాజరు తాతకి పోస్తోంది.